వెలుగు మార్పుకు కారణం: నిజామియా నుంచి మలివెలుగుల దాకా

ఒక సంఘటనకు కారణం చెప్పటం తేలిక. అదే అసలు కారణమని నిరూపించటం కష్టం. ఈ రెంటికీ మధ్యనున్న దూరాన్ని గుర్తించనివారు చరిత్ర రాసినా, సాహిత్య విమర్శ రాసినా, రాజకీయ తీర్మానం రాసినా ఒకే పొరపాటు చేస్తారు. సంగతులు తమ సిద్ధాంతంతో పొసిగితే చాలు, సిద్ధాంతం రుజువైపోయిందనుకుంటారు. ఈ పొరపాటు స్వభావమేమిటో, దాన్నుంచి బయటపడే దారి ఏమిటో ఖగోళశాస్త్రంలో ఒక చిన్న శాఖ చరిత్ర మనకు స్పష్టంగా చూపిస్తుంది. ఆకాశంలో ఒక వెలుగు హెచ్చినా తగ్గినా అది ఎందుకు జరిగిందో తేల్చటమే ఆ శాఖ పని. ఆ చరిత్రలో ఒక అధ్యాయం మన హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోనే నడిచింది. తార్నాక చౌరస్తా నుంచి ఆర్ట్స్ కాలేజీ వైపు రోజూ నడిచే విద్యార్థులలో ఈ సంగతి ఎందరెరుగుదురు?

కథ చాలా వెనకనుంచి ఎత్తుకోవాలి. పర్సియస్ నక్షత్ర మండలంలో ఆల్గోల్ అనే తార ఉంది. సుమారు 2 రోజుల 21 గంటలకొకసారి అది మసకబారి మళ్లీ మామూలు వెలుగుకు వస్తుంది. 1783లో ఇంగ్లండులోని యార్క్ నగరంలో జాన్ గుడ్రిక్ అనే 18 ఏండ్ల యువకుడు ఈ మార్పును రాత్రి తర్వాత రాత్రి గమనించి, అది తూచినట్టు ఒకే వ్యవధిలో జరుగుతున్నదని లోకానికి తెలియజేశాడు. అతనికి చెవులు వినపడవు, మాట రాదు. కళ్లు మాత్రం అసాధారణమైనవి. కారణం చెప్పవలసి వచ్చినప్పుడు అతను ఒకటి కాదు, రెండు చెప్పాడు. ఆల్గోల్ చుట్టూ తిరిగే చీకటి గోళమేదో మనకు అడ్డం వస్తూ ఉండవచ్చు. లేదా ఆల్గోలే తన చుట్టూ తాను తిరుగుతూ, మచ్చలున్న ముఖాన్ని అప్పుడప్పుడూ మనవైపు తిప్పుతూ ఉండవచ్చు. వెలుగు హెచ్చుతగ్గులను కాగితం మీద గీస్తే వచ్చే వక్రరేఖకు రెండు కారణాలూ సరిపోతాయి.

ఆ తర్వాత నూరేళ్లు గడిచాయి. వక్రరేఖను ఎంత సూక్ష్మంగా కొలిచినా వివాదం పూర్తిగా తీరలేదు. 1889లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఫోగెల్ అనే శాస్త్రజ్ఞుడు ఆల్గోల్ కాంతిని రంగులుగా విడదీసి, అందులోని గీతలు జరిగే తీరును కొలిచాడు. మసకబారటానికి ముందు ఆ తార మననుంచి దూరంగా పోతున్నది. మసకబారిన తర్వాత మనవైపు వస్తున్నది. మచ్చలున్న ఒంటరి తారకు ఇట్లా ముందుకూ వెనక్కూ ఊగవలసిన అవసరం లేదు. పక్కన మరొక గోళం ఉండి, రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటేనే ఇది సాధ్యం. వివాదం ముగిసింది. దాన్ని ముగించింది మరింత నునుపైన వక్రరేఖ కాదు. ఆ వక్రరేఖతో సంబంధం లేని రెండో సాక్ష్యం. ఈ వ్యాసం చెప్పదలచిన విషయమంతా ఈ ఒక్క మాటలో ఉంది. తక్కినదంతా దాని చరిత్రే.

ఇక మన నగరానికి వద్దాం. 1901లో నవాబు జఫర్ జంగ్ అనే ప్రభువు ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, హైదరాబాదులోని ఫిసల్‌బండలో వేధశాలను స్థాపించాడు. నిజాం పేర అది నిజామియా వేధశాల అయింది. సంస్థానపు ప్రభువు ఒకడు విజ్ఞానం మీద మోజుతో చేసిన పని ఇది. ఆ మోజుకు ఖర్చైన ధనం జాగీర్దారీ వ్యవస్థలో రైతు చెమటనుంచి పిండినదేనని మనం మరువనక్కరలేదు. ఐతే ఆ పరికరం ప్రభువుతోనే పోకుండా ఉండటం గమనించదగ్గ విషయం. ఆయన మరణానంతరం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకొన్నది. వేధశాల బేగంపేటకు మారింది. 1919లో, అప్పుడే ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగింతైంది. ఒక ధనవంతుడి విలాసం విశ్వవిద్యాలయపు పనిముట్టుగా మారిన తీరు ఇది.

అక్కడ జరిగిన మొదటి పెద్ద పనిలో మెరుపులేమీ లేవు. ఆకాశాన్ని ముక్కలుగా పంచుకొని, ఒక్కొక్క ముక్కను ఫొటో పలకల మీద తీసి, ప్రతి నక్షత్రం స్థానాన్నీ కొలిచి పట్టిక వేయాలని 19వ శతాబ్దం చివర ప్రపంచ వేధశాలలు ఒప్పందం చేసుకొన్నాయి. దక్షిణ అమెరికాలోని సాంటియాగో వేధశాల చేయలేకపోయిన భాగం హైదరాబాదు వంతుకు వచ్చింది. పోట్స్‌డామ్ విడిచిపెట్టిన భాగంలో కొంత కూడా తర్వాత హైదరాబాదే తీసుకొన్నది. పోకాక్, ఆయన తర్వాత టి. పి. భాస్కరన్ నాయకత్వంలో దశాబ్దాల తరబడి లక్షలాది నక్షత్రాలను ఒక్కొక్కటిగా కంటితో కొలిచారు. కొలిచినవారిలో అధికుల పేర్లు మనకు తెలియవు. గొప్ప సిద్ధాంతాల కింద ఎప్పుడూ ఇటువంటి పేరులేని శ్రమ పునాదిగా ఉంటుంది. వెలుగు మారిందని చెప్పాలంటే, మారకముందు ఎంతున్నదో ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి గదా!

ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగులలో ఎం. కె. బప్పు ఒకరు. ఆయన కుమారుడే 1927లో పుట్టిన వేణు బప్పు. తండ్రి పనిచేసే చోట దూరదర్శినుల మధ్య పెరిగిన ఈ బాలుడు నిజాం కాలేజీలో చదువుకొనే రోజుల్లోనే, వెలుగు మారే తారలను స్వయంగా పరిశీలించి వ్యాసాలు ప్రకటించాడు. హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో అమెరికాలోని హార్వర్డుకు వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టినవారిలో ఒకడైనాడు. పట్టా పుచ్చుకొని అక్కడే స్థిరపడే అవకాశాలున్నా స్వదేశానికి తిరిగివచ్చాడు. 1950లలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాలను నైనితాల్ కొండల మీద నిలబెట్టాడు. 1960లో కొడైకెనాల్ వేధశాల బాధ్యత స్వీకరించాడు. తమిళనాడులోని కావలూరులో కొత్త వేధశాలకు పునాది వేశాడు. 1982లో మరణించాడు. ఇందులో నైనితాల్ పేరును పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. కథ మళ్లీ అక్కడికి వస్తుంది.

ఈలోగా హైదరాబాదులో పని ఆగలేదు. డాక్టర్ అక్బర్ అలీ డైరెక్టరుగా ఉన్నకాలంలో 48 అంగుళాల దూరదర్శిని కోసం ప్రయత్నం మొదలైంది. ఆయన తర్వాత 1960లో కె. డి. అభ్యంకర్ వచ్చాడు. 1964లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ఉస్మానియా ఖగోళశాస్త్ర శాఖను ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించింది. బేగంపేట చుట్టూ నగరం పెరిగి రాత్రులు తెల్లబారటం వల్ల, కొత్త దూరదర్శినిని నగరానికి దూరంగా జాపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర స్థాపించారు. 1968 చివర అది పనిలోకి వచ్చింది. ప్రాంగణంలో పాఠాలు, రంగాపూర్‌లో రాత్రులు! ఒక తరం విద్యార్థులకు ఖగోళశాస్త్రమంటే అదే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం ఆ ప్రాంతం మీదుగానే పోయింది.

ఈ కేంద్రంలో జరిగిన పరిశోధనలో ముఖ్యభాగం వెలుగు మారే తారలను గురించినదే. ప్రత్యేకించి ఒకదానికొకటి అడ్డం వచ్చే జంటతారల వెలుగును కాంతి విద్యుత్ పరికరంతో కొలిచి, వక్రరేఖలు గీసి, ఆ రేఖలనుంచి తారల పరిమాణాలను రాబట్టేవారు. ఇక్కడ చరిత్ర ఒక చమత్కారం చేసింది. ఆర్ ఎస్ కేనమ్ వెనటికోరమ్ అనే తార పేరున ఒక కోవ జంటతారలున్నాయి. వాటి వక్రరేఖలో గ్రహణాలు కనిపించటమే గాక, గ్రహణాల నడుమ మెల్లగా కదిలే ఒక అల కూడా కనిపిస్తుంది. ఆ అలకు కారణం తార ముఖం మీది పెద్ద పెద్ద మచ్చలు! గుడ్రిక్ రెండు కారణాలు చెబితే లోకం ఒకటి ఉంచి ఒకటి పారవేసింది. 20వ శతాబ్దంలో ఆ పారవేసిన కారణమే మరొక తారలో, గ్రహణంతో చెయ్యీ చెయ్యీ పట్టుకొని తిరిగివచ్చింది. ఆల్గోల్ విషయంలో తప్పైన వివరణ అన్నిచోట్లా తప్పు కానక్కరలేదు. ఒకచోట రుజువైన వివరణ అన్నిచోట్లా నిజం కానక్కరలేదు. ప్రతి సందర్భమూ తన రుజువును తాను తెచ్చుకోవలసిందే.

ఇప్పటివరకూ చెప్పిన తారల మార్పులు రోజులకో నెలలకో మళ్లీ జరిగేవి. ఈ రాత్రి తప్పిపోతే మరో రాత్రి చూడవచ్చు. ఒక్కసారే వెలిగి, ఇక ఎన్నడూ తిరిగిరాని వెలుగుకు కారణం తేల్చటమెట్లా? చరిత్రకారుడి సమస్య సరిగ్గా ఇదే. ఫ్రెంచి విప్లవాన్ని ఇంకొకసారి జరిపించి చూడలేము గదా! ఖగోళశాస్త్రంలో ఇటువంటి సమస్యను గామా కిరణ విస్ఫోటనాలు తెచ్చిపెట్టాయి.

వాటిని కనిపెట్టిన తీరే మన యుగాన్ని పట్టిచూపుతుంది. 1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ కలిసి వాతావరణంలోనూ అంతరిక్షంలోనూ అణుపరీక్షలు జరపరాదని ఒడంబడిక చేసుకొన్నాయి. ఎదుటి పక్షం మాట తప్పుతుందేమోనని కాపలా కాసేందుకు అమెరికా సైన్యం వేలా అనే ఉపగ్రహాలను పంపింది. బాంబు పేలితే వెలువడే గామా కిరణాలను అవి పసిగట్టాలి. 1967 జులై 2న వాటికి ఒక మెరుపు తగిలింది. అది బాంబు లక్షణం కాదు. భూమి నుంచి వచ్చిందీ కాదు, సూర్యుడి నుంచి వచ్చిందీ కాదు. ఇటువంటివి మరికొన్ని కనిపించి, అవి విశ్వంలో ఎక్కడినుంచో వస్తున్నాయని తేలిన మీదట, 1973లో గాని సంగతి పత్రికలకెక్కలేదు. కొన్నేండ్లకే లెనిన్‌గ్రాడ్ శాస్త్రజ్ఞుడు మజెత్స్ బృందం వెనీరా నౌకల మీద పంపిన పరికరాలతో ఆ విస్ఫోటనాలను విస్తారంగా నమోదు చేసింది. భయంతో పుట్టిన పరికరం జ్ఞానాన్నిచ్చింది. అంతమాత్రాన భయానికి మనం కృతజ్ఞులమై ఉండనవసరం లేదు.

మెరుపు కొన్ని సెకండ్లుంటుంది, పోతుంది. ఎక్కడినుంచి వచ్చిందో, ఎంత దూరంనుంచి వచ్చిందో తెలియదు. ఆధారం తక్కువైనకొద్దీ సిద్ధాంతాలు ఎక్కువవుతాయి. 20 ఏండ్లలో నూటికి పైగా సిద్ధాంతాలు పుట్టాయి. తోకచుక్కలు న్యూట్రాన్ తారల మీద పడుతున్నాయన్నవారున్నారు. మన పాలపుంత అంచులలోని సంగతి అన్నవారున్నారు. పోలిష్ శాస్త్రజ్ఞుడు బొహ్దాన్ పాచిన్‌స్కీ మాత్రం అవి అనేక కోట్ల కాంతి సంవత్సరాల దూరంనుంచి వస్తున్నాయని వాదించాడు. చాలాకాలం ఆ వాదాన్ని వినేవారు తక్కువ. 1991లో ఎగిరిన కాంప్టన్ ఉపగ్రహం వందలాది విస్ఫోటనాలను నమోదు చేసి, అవి ఆకాశంలో అన్ని దిక్కులా సమంగా పరచుకొని ఉన్నాయని చూపిన తర్వాత, ఆ వాదానికి బలం వచ్చింది.

తీర్పు 1997లో వచ్చింది. ఆ ఏడు ఫిబ్రవరి 28న ఇటలీ, నెదర్లాండ్స్ దేశాల ఉపగ్రహం బెప్పోసాక్స్ ఒక విస్ఫోటనాన్ని పట్టి, కొన్ని గంటలకే అదే చోట ఎక్స్ కిరణాలలో ఒక వెలుగు ఆరిపోతూ ఉండటం చూసింది. డచ్చి శాస్త్రజ్ఞుడు వాన్ పారదైస్ బృందం అక్కడే మామూలు కాంతిలో కూడా ఆరిపోతున్న చుక్కను కనిపెట్టింది. పొద్దు గుంకిన తర్వాత కాసేపు మలిసంజ నిలిచినట్టు, మెరుపు పోయిన తర్వాత రోజులూ వారాలూ నిలిచే ఈ కాంతిని మలివెలుగు అందాం. కొన్ని వారాలకే, మే 8 నాటి మరో విస్ఫోటనపు మలివెలుగును రంగులుగా విడదీసి చూస్తే, అది వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంనుంచి వచ్చిందని తేలింది. నూటికి పైగా సిద్ధాంతాలలో చాలా భాగం ఆ సంవత్సరమే రాలిపోయాయి.

మలివెలుగు ఎట్లా పుడుతుందో స్థూలంగా చెప్పుకొందాం. మహాతార ఒకటి కూలినప్పుడో, రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడో, దాదాపు కాంతి వేగంతో పదార్థం బయటికి చిమ్ముతుంది. అది చుట్టూ ఉన్న పల్చని వాయువును నెట్టుకుపోతూ ఆఘాత తరంగాన్ని లేపుతుంది. ఆ తరంగంలో చిక్కిన ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో సుడులు తిరుగుతూ కాంతిని వెదజల్లుతాయి. కర్కట నీహారిక వెలుగుకు ఇదే మూలమని 1953లోనే సోవియట్ శాస్త్రజ్ఞుడు ష్క్లోవ్‌స్కీ సూచించాడు. మలివెలుగు ఏ రంగులో ఎంత, ఏ కాలానికి ఎంత ఉండాలో 1998లో సారీ, పిరాన్, నారాయణ్ అనే ముగ్గురు సూత్రీకరించారు. వీరిలో రమేశ్ నారాయణ్ మన దేశంలో చదువుకొని అమెరికా వెళ్లినవాడు. ఈ నమూనా ప్రకారం తరంగం నెమ్మదించినకొద్దీ వెలుగు నునుపుగా తగ్గాలి. రెండు గంటలకున్న వెలుగు నాలుగు గంటలకు సుమారు సగమో, అంతకు కాస్త తక్కువో కావాలి.

కొన్ని మలివెలుగులు అట్లాగే తగ్గాయి. కొన్ని తగ్గలేదు. 1997 మే 8 నాటిదే మొదట పెరిగి, రెండో రోజు తర్వాత తగ్గటం మొదలుపెట్టింది. 2002 అక్టోబరు 4 నాటి మలివెలుగు తగ్గుతూ తగ్గుతూ మధ్యలో గూని తేలి, మళ్లీ తగ్గి, మళ్లీ గూని తేలింది. ఈ గూనులకు కారణమేమిటి? ఇక్కడ గుడ్రిక్ రెండు కారణాల స్థానంలో నాలుగైదు కారణాలు వరుసకట్టాయి. తరంగం దారిలో వాయువు చిక్కగా ఉన్న చోటు తగిలి ఉండవచ్చు. వెనక బయలుదేరిన పదార్థం ఆలస్యంగా వచ్చి, నెమ్మదించిన తరంగాన్ని కలుసుకొని కొత్త శక్తినిచ్చి ఉండవచ్చు. చిమ్మిన పదార్థం అన్ని దిక్కులా సమంగా లేక అతుకులు అతుకులుగా ఉండవచ్చు. మనకూ దానికీ మధ్య ఏదో తార అడ్డంవచ్చి, తన గురుత్వాకర్షణతో భూతద్దంలా కాంతిని పెంచి ఉండవచ్చు. లేదా లోపలి యంత్రమే చల్లారక మళ్లీ మళ్లీ రగిలి ఉండవచ్చు.

గూని ఒక్కటే చూపించి ఇది ఏ కారణంవల్లనని అడిగితే ప్రతి కారణమూ నాదే అంటుంది. సాంద్రతను తగినట్టు పెంచితే గూని వస్తుంది. శక్తిని తగినట్టు పోసినా వస్తుంది. కాబట్టి నమూనాలు వేసేవారు ప్రశ్న మార్చారు. "గూనికి నీవు సరిపోతావా?" అనటం మాని, "నీవే కారణమైతే ఇంకేమి జరిగి ఉండాలి?" అని ప్రతి కారణాన్నీ నిలదీశారు. సాక్షిని అడ్డుప్రశ్నలు వేసే పద్ధతి ఇది.

అప్పుడు కారణాలు విడివడటం మొదలుపెట్టాయి. ఎక్స్ కిరణాలిచ్చే ఎలక్ట్రాన్లు తమ శక్తినంతా వెంటవెంటనే వెలుగుగా ఖర్చు చేసేస్తాయి. వాటికి చుట్టూ వాయువు ఎంత చిక్కగా ఉన్నా దాదాపు ఒకటే. కనుక చిక్కని వాయువే కారణమైతే మామూలు కాంతిలో గూని రావాలిగాని ఎక్స్ కిరణాలలో రాగూడదు. కొత్త శక్తి కలిస్తే రెండింటిలోనూ రావాలి. పైగా వెలుగు మళ్లీ పాత గీతకు దిగిరాక, కొంత ఎత్తున దానికి సమాంతరంగా సాగాలి. అతుకులే కారణమైతే ఒడుదుడుకులు మొదట్లో ఎక్కువగా ఉండి రానురాను సర్దుకోవాలి. ఎందుకంటే తరంగం నెమ్మదించినకొద్దీ మనకు కనిపించే మేర విశాలమై అతుకులన్నీ సగటులో కలిసిపోతాయి. మధ్యలో తార భూతద్దమైతే అన్ని రంగులూ దాదాపు ఒకేలా పెరిగి ఒక్కసారే తగ్గాలి. లోపలి యంత్రమే రగిలితే మార్పు అతి చురుగ్గా ఉండవచ్చు. వంపు తిరిగిన తరంగం అంచులనుంచి వచ్చే కాంతి మనకు ఆలస్యంగా చేరుతుంది గనుక, గంటలు గడిచిన తర్వాత నిమిషాలలో వచ్చిపోయే మెరుపును ఆ తరంగం ఇవ్వలేదు.

ఈ అడ్డుప్రశ్నలు కూడా ఒక్కపెట్టున తీర్పునివ్వలేదు. 2000 మార్చి 1 నాటి విస్ఫోటనపు మలివెలుగులో నాలుగో రోజు ప్రాంతంలో వచ్చిన గూనిని తార భూతద్దంతో కొందరు చక్కగా వివరించారు. చిక్కని వాయువుతో, కొత్త శక్తితో వివరించినవారూ ఉన్నారు. 2002 అక్టోబరు నాటి గూనులకైతే చిక్కని వాయువనీ, అతుకులనీ, కొత్త శక్తి అనీ వేర్వేరు బృందాలు వేర్వేరు నమూనాలు ప్రకటించాయి. మూడూ కొలతలకు మొత్తంమీద సరిపోయినవే.

ఆ తర్వాత జరిగినది ముఖ్యమైనది. చిక్కని వాయువు వివరణ అందరికీ సహజంగా తోచింది. గతుకుల దారిలో బండి కుదుపు తింటుంది గదా! ఐతే 2007లో నకార్, గ్రానోట్ అనే ఇద్దరు కాగితం మీది ఊహతో తృప్తిపడక, ఆ కుదుపును ఆమూలాగ్రం లెక్కగట్టారు. చిక్కని చోట తగలగానే తరంగం హఠాత్తుగా నెమ్మదిస్తుంది. అట్లా నెమ్మదించటంవల్ల మనవైపు వచ్చే వెలుగు పదును తగ్గుతుంది. మిగిలిన కాస్త పెరుగుదలా వంపు అంచులనుంచి ఆలస్యంగా వచ్చే కాంతితో కలిసి నునుపైపోతుంది. కడకు, వాయువు ఎన్నో రెట్లు చిక్కబడినా వక్రరేఖ మీద తేలే గూని నామమాత్రమే! అందరికీ సహజంగా తోచిన కారణం, పూర్తిగా లెక్క వేసేసరికి చాలా గూనులకు చాలనిదైంది. సహజంగా తోచటం అనేది రుజువు కాదనటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

ఇక నైనితాల్‌కు తిరిగివద్దాం. 1999 జనవరి 23న వచ్చిన విస్ఫోటనం మొదటి నిమిషంలో, చిన్న దుర్భిణీకి కూడా అందేటంత వెలుగుతో మెరిసింది. తొమ్మిది వందల కోట్ల సంవత్సరాల పైబడి ప్రయాణించి వచ్చిన కాంతి అది! దాని మలివెలుగును కొలిచిన వేధశాలలలో వేణు బప్పు నిలబెట్టిన నైనితాల్ వేధశాల ఒకటి. 104 సెంటీమీటర్ల దూరదర్శిని, అమెరికా ఐరోపాల పెద్ద దూరదర్శినుల ముందు చిన్నదే. కాని అమెరికాలో పగలైనప్పుడు మనకు రాత్రి. మలివెలుగు ఎవరి పొద్దు కోసమూ ఆగదు. వక్రరేఖలో మన దేశపు గంటలు ఖాళీగా ఉంటే, సరిగ్గా ఆ ఖాళీలోనే గూని తేలి ఉండవచ్చు. 2000 మార్చి, 2002 అక్టోబరు విస్ఫోటనాలలో కూడా నైనితాల్ కొలతలు ఆ ఖాళీలను పూరించాయి. బేగంపేటలో వెలుగు మారే తారలను చూసి కళ్లు తెరిచిన బాలుడు ఒక కొండ మీద పెట్టిన పెట్టుబడి, అతను పోయిన 17 ఏండ్లకు ఇట్లా పంటకు వచ్చింది.

1999 జనవరి విస్ఫోటనం కారణ నిర్ణయం ఎంత విలువైనదో కూడా చూపింది. ఆ వెలుగు అన్ని దిక్కులా సమంగా చిమ్మిందనుకొని లెక్క వేస్తే, సూర్యుడంత పదార్థాన్ని పూర్తిగా శక్తిగా మార్చినా చాలనంత శక్తి కావలసివచ్చింది. అంత శక్తి ఎక్కడినుంచి వస్తుంది? అంతలో, సుమారు రెండో రోజున వెలుగు ఉన్నట్టుండి వేగంగా తగ్గసాగింది. చిమ్మిన పదార్థం సన్నని ధారగా వస్తూ, నెమ్మదించినకొద్దీ దాని అంచులు మనకు బయటపడితే సరిగ్గా ఇట్లాగే జరగాలి. ధార అని ఒప్పుకొంటే కావలసిన శక్తి కొన్ని వందల రెట్లు తగ్గిపోతుంది. వక్రరేఖలో ఒక చిన్న వంపునకు కారణం మారితే, విశ్వంలోని ఒక మహాఘటన పరిమాణమే మారిపోయింది!

2003 మార్చి 29 నాటి విస్ఫోటనం మరింత దగ్గరిది. దాని మలివెలుగులోంచి సూపర్‌నోవా బయటపడి, కూలే మహాతారలకూ ఈ విస్ఫోటనాలకూ ఉన్న బంధుత్వాన్ని స్థిరపరచింది. దానిలోని గూనులకు కొందరు ఆలస్యంగా అందిన శక్తిని కారణంగా చెబితే, కొందరు ఒకదానిలో ఒకటిగా రెండు ధారలున్నాయన్నారు. పూనే దగ్గరి రేడియో దూరదర్శినితో మన దేశపు పరిశోధకులు నెలల తరబడి దాన్ని వెంటాడి, ఆ రెండు ధారల నమూనాను పరీక్షించారు. 2004లో ఎగిరిన స్విఫ్ట్ ఉపగ్రహం మరిన్ని చిక్కులు తెచ్చింది. ఎక్స్ కిరణాలలో నిమిషాల మెరుపులు, గంటల తరబడి తగ్గని చదునులు కనబడ్డాయి. మెరుపులకు లోపలి యంత్రం మళ్లీ రగలటమే కారణమని చాలామంది ఒప్పుకొన్నారు. చదునుల విషయంలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

ఈ చరిత్రనుంచి మనబోటి వారు నేర్చుకోవలసిందేమిటి? "చూశారా, శాస్త్రజ్ఞులకే నిశ్చయం లేదు, ఎవరి నిజం వారిది" అని తేల్చేవారుంటారు. ఇది సోమరితనం. నూటికి పైగా సిద్ధాంతాలలో చాలా భాగం రాలిపోయాయి. అవి తిరిగిరావు. కారణాలు మన ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా ఉన్నవి కనుకనే అవి రాలిపోయాయి. దీనికి ఎదురుకొసన మన శిబిరంలోనే కనిపించే మరో సోమరితనం ఉంది. నాటకం విఫలమైనా, సమ్మె విఫలమైనా, ఒక ఉద్యమం వెలుగు తగ్గినా మన దగ్గర ఒకే కారణం సిద్ధంగా ఉంటుంది. సంగతులు దానితో పొసుగుతాయి కూడా. పొసగకేం? సాంద్రతను తగినట్టు పెంచితే ఏ గూనికైనా వాయువు సరిపోయింది గదా! అన్నిటికీ సరిపోయే కారణం దేన్నీ వివరించదు. "ఇదే కారణమైతే ఇంకేమి జరిగి ఉండాలి? అది జరిగిందా?" అని అడగనంతవరకూ మనం భౌతికవాదులమని చెప్పుకోవటం ఒక అలవాటు మాత్రమే, పద్ధతి కాదు.

రెండో సంగతి. రెండో సాక్ష్యం ఊరికే రాదు. దానికి పరికరం కావాలి, రాత్రులు కావాలి, తరాల తరబడి పట్టిక రాసే చేతులు కావాలి. నిజామియా వేధశాల ప్రాంగణంలో ఇప్పుడు ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం నడుస్తున్నది. నక్షత్రాలను లెక్కబెట్టిన చోట మనుషుల బతుకులను లెక్కబెడుతున్నారు. అది విచారించవలసిన మార్పేమీ కాదు. ఐతే ఒక విశ్వవిద్యాలయం ఆకాశం వైపు కన్ను తెరిచి ఉంచటం విలాసమా, అవసరమా అన్న ప్రశ్న మిగిలే ఉంది. అది విలాసమైతే, ఆ విలాసాన్ని ప్రభువులకూ సంపన్న దేశాలకూ వదలిపెట్టవలసి వస్తుంది. అప్పుడు వక్రరేఖలో మన గంటలు ఖాళీగా ఉంటాయి. మన తరఫున ఇతరులు కారణాలు చెబుతారు, మనం అనువదించుకొంటాం.

రాత్రి వేళ తార్నాక వంతెన కింద నిలబడి పైకి చూస్తే దీపాల వెలుగులో నాలుగు చుక్కలకు మించి కనబడవు. ఐనా అక్కడినుంచి కూతవేటు దూరంలోని తరగతి గదుల్లో, వెలుగు ఎందుకు మారిందని మూడు తరాల విద్యార్థులు అడిగారు. తొందరపడి జవాబు చెప్పకుండా ఉండటం నేర్చుకొన్నారు. ఆ ప్రశ్నను ఆకాశానికే పరిమితం చేయకుండా, నేల మీది మార్పులను గురించి కూడా అంతే ఓర్పుతో, అంతే కాఠిన్యంతో అడగటం ఇక మన వంతు.